జార్జియా రీలు

వర్జీనియా అనేది ఒక చోటు పేరని మా జిల్లాలో ఎవరికీ తెలియదు. అది ఆకు పేరు. "ఈ ఏడు వర్జీనియా ఎంత వేశావు?" అని రైతులు ఒకరినొకరు అడిగేవారు. మా నాన్న ఒంగోలు పక్క ఒక రైతు దగ్గర పొగాకు బ్యారన్‌లో మంట చూసేవాడు. పచ్చాకును కర్రలకు కట్టి ఆ ఎత్తైన గదిలో వేలాడదీస్తారు. కింద గొట్టాల్లో వేడి పెట్టి పసుపురంగు తిరిగేదాకా ఆరబెడతారు. వేడి ఎక్కువైతే ఆకు మాడుతుంది, తక్కువైతే పచ్చిగా ఉండిపోతుంది. ఏది జరిగినా తిట్లు మా నాన్నకే. ఆయన కళ్ళు ఏడాది పొడుగునా ఎర్రగానే ఉండేవి. వర్జీనియా అమెరికాలో ఒక రాష్ట్రమని నేను హైస్కూల్లో చదువుకొచ్చి చెబితే ఆయన నమ్మలేదు. "ఆకు పేరు రాష్ట్రానికి పెట్టుకుంటారంట్రా?" అన్నాడు.

మాది ఊరికి దూరంగా విసిరేసినట్టుండే పల్లె. ఊళ్ళోకి మేము పనికి మాత్రమే వెళ్ళాలి. ఊరి బావి మీద చెయ్యి వేయకూడదు. మా తాతల కాలంలోనే క్రైస్తవంలోకి వచ్చాం కాబట్టి నాకు మిషన్ బళ్ళో చదువు దొరికింది, గుంటూరులో ఇంటర్మీడియట్ అయింది, ఇంగ్లీషు బాగా వచ్చింది. అవి యాభైల చివరి రోజులు. భాష పేరు మీద మనకు రాష్ట్రం వచ్చి ఎన్నో ఏళ్ళు కాలేదు. రాష్ట్రం అనే మాట వింటేనే జనానికి హుషారుగా ఉండేది.

ఆ రోజుల్లో గుంటూరులో అమెరికాతో స్నేహం పెంచుతామంటూ కొందరు పెద్దలు ఒక సంఘం పెట్టారు. దానికొక వ్యాను, ఒక ప్రొజెక్టరు, ఒక జనరేటరు ఉండేవి. అమెరికా నుంచి రీళ్ళు తెప్పించారు. ఒక్కో రీలు ఒక్కో రాష్ట్రం గురించి. వాటిని ఊరూరా తిప్పి చూపించాలి. బొమ్మ నడుస్తుంటే ఇంగ్లీషు మాటలను మైకులో అప్పటికప్పుడు తెలుగులో చెప్పడానికి ఒక మనిషి కావలసి వచ్చింది. సంఘం కార్యదర్శి పెద్ద ప్లీడరు. ఆయన నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, గోడ మీద రీలు వేయించి, "చెప్పండి" అన్నాడు. చెప్పాను. ఉద్యోగం ఇచ్చాడు. బయటికి వస్తుంటే గొంతు తగ్గించి, "ఊళ్ళల్లో ఎవరన్నా మీదేవూరని అడిగితే గుంటూరు అని చెప్పండి. అంతకంటే వివరాలు అక్కర్లేదు" అన్నాడు. ఆ మాట నాకు మర్యాదగానే వినిపించింది. ఇరవై రెండేళ్ళ వాడిని.

వ్యాను తోలేదీ, ప్రొజెక్టరు తిప్పేదీ ఒక సాయిబు. మంగళగిరి మనిషి. మా నాన్న కంటే కొంచెం చిన్న. నేను బాబాయ్ అనేవాణ్ణి. నేనెవరో ఆయన మొదటి రోజే అడిగాడు, చెప్పాను. "సరే, నీ అన్నం నా అన్నం ఒకచోటే" అన్నాడు. ఆ సంగతి మళ్ళీ మా మధ్య రాలేదు.

ఆ రీళ్ళంటే నాకు పిచ్చి ప్రేమ పుట్టింది. దాచుకోవడమెందుకు, ఆ రెండేళ్ళూ నేను అమెరికాలో బతికాను. వెర్మాంటు అనే చోట మంచు కరిగే రోజుల్లో చెట్టుకు గాటు పెట్టి, కింద డబ్బా కట్టి, కారిన నీళ్ళను కాచి పాకం చేస్తారు. ఆ బొమ్మ వచ్చినప్పుడల్లా కల్లుకు తాటిచెట్లు గీసేవాళ్ళు లేచి నిలబడి ఈలలు వేసేవారు. పెన్సిల్వేనియాలో కరెంటూ కార్లూ వద్దనుకుని గుర్రబ్బండ్ల మీద తిరిగే జనం ఉన్నారంటే, "మరి అమెరికా వెళ్ళి ఏం లాభం?" అని ఒకాయన నన్ను గట్టిగా నిలదీశాడు. టెక్సాసు కొన్నేళ్ళపాటు విడి దేశంగా ఉండి తర్వాత వచ్చి కలిసిందని చెబితే, మన సంస్థానాలు కలిసిన రోజులు చూసినవాళ్ళు కాబట్టి అది మాత్రం అందరికీ సులువుగా అర్థమయ్యేది. ప్రతి రాష్ట్రానికీ ఒక పువ్వు, ఒక పిట్ట, ఒక పాట. బాపట్ల దగ్గర ఒక ఊళ్ళో బడిపంతులు లేచి, "మరి మన రాష్ట్రానికి పువ్వేదండీ?" అని అడిగాడు. నాకు తెలియదు. ఎవరికీ తెలియదు. జనం వాళ్ళల్లో వాళ్ళు వాదించుకోవడం మొదలుపెట్టారు. మల్లె అని కొందరు, తామర అని కొందరు. పత్తిపువ్వని ఎవరో అంటే అందరూ నవ్వారు.

వర్జీనియా రీలు పొగాకు ఊళ్ళల్లో పండగలా నడిచేది. ఎర్ర ఇటుకల పాత ఊరు, కట్టిన రోజున ఎలా ఉందో అలాగే నిలబెట్టుకున్నారు. కొలిమి, గుర్రపుశాల, తెల్ల స్తంభాల మేడలు, నేల మీద జీరాడే గౌన్లు వేసుకున్న దొరసానులు. ఇంగ్లీషువాళ్ళు ఓడ దిగి మొదట నిలదొక్కుకున్న చోటదేనని, వాళ్ళను నిలబెట్టింది పొగాకేనని, అమెరికా తొలి ప్రెసిడెంట్లలో నలుగురు ఆ మట్టిలో పుట్టినవాళ్ళేనని చెప్పేవాణ్ణి. "మన ఆకు పుట్టిల్లురా!" అని రైతులు పొంగిపోయేవారు. ఆ మేడల వెనక పొలాల్లో ఆకు కోసినవాళ్ళెవరో రీలు చెప్పలేదు. నేనూ ఆలోచించలేదు. మా నాన్న ఎర్రకళ్ళతో ఇంట్లో కూర్చుని ఉండగా కూడా నాకు ఆ ప్రశ్న తట్టలేదు.

తట్టింది జార్జియా రీలు వల్ల.

జార్జియా పత్తిసీమ. గింజను దూది నుంచి విడదీసే యంత్రం పుట్టింది అక్కడే. మన జిన్నింగు మిల్లులన్నిటికీ అదే తాత. రీల్లో తెల్లటి చేలు, నవ్వుతూ పాడుతూ పత్తి తీసే నల్లవాళ్ళు, బుట్టల నిండా పళ్ళు, తెల్లగులాబి వంటి రాష్ట్రపు పువ్వు, చివర ఒక గొప్ప రైల్వేస్టేషను. ఆ స్టేషన్లో కెమెరా ఒక మూల నుంచి ఇంకో మూలకు తిరుగుతుంది. చాలాసార్లు చూశాక ఒకరోజు నాకు తెర అంచున ఒక తలుపు కనిపించింది. తలుపు మీద బోర్డు. రెప్పపాటులో పోయింది. మర్నాడు మళ్ళీ చూశాను. 'ఫర్ కలర్డ్' అని ఉంది.

నల్లవాళ్ళకు వేరే తలుపని ఆ మాటకు అర్థం. నాకు తెలుసు. తెలిసి కూడా నా కళ్ళు పొరబడ్డాయేమోనని చాలా రోజులు అనుకున్నాను.

సంఘంలో ఒక అమెరికా కుర్రవాడు ఉండేవాడు. పాతికేళ్ళు దాటి ఉండవు. సొంతూరు జార్జియాలోనే. ఒకసారి అమరావతిలో ఆట వేయడానికి వెళ్ళినప్పుడు మాతో వచ్చాడు. పగలు స్తూపం చూస్తానంటే తీసుకెళ్ళాను. గడ్డి మొలిచిన మట్టిదిబ్బ, చుట్టూ పగిలిన రాతిముక్కలు. "మిగతాది ఏది?" అన్నాడు. బొమ్మలు చెక్కిన రాళ్ళలో కొన్ని లండన్‌కూ కొన్ని మద్రాసుకూ వెళ్ళిపోయాయని చెప్పాను. తమ రాష్ట్రంలో వందేళ్ళ ఇల్లు కనబడితే చాలు, ముందొక పలక పాతి చరిత్ర రాస్తారని అతను జాలిగా అన్నాడు. మా రాళ్ళూ భద్రంగానే ఉన్నాయని, ఇక్కడ లేవంతేనని అన్నాను. తర్వాత కృష్ణ ఒడ్డున కూర్చున్నప్పుడు ఆ బోర్డు సంగతి అడిగాను.

అతని ముఖం ఎర్రబడింది. "అవును. మా ఊరి స్టేషన్లో కూడా ఉంది. బడి వేరు, గుడి వేరు. కోర్టు ముందర తాగేనీళ్ళ కుళాయిలు రెండుంటాయి. ఒకదాని నుంచి వాళ్ళు తాగకూడదు" అన్నాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. జార్జియాను నెలకొల్పిన కొత్తలో అక్కడ బానిసలుండకూడదని చట్టం చేశారట. ఎక్కువ ఏళ్ళు ఓర్చుకోలేక తామే ఎత్తేశారట. "మా బళ్ళో చట్టం చేసిన సంగతి గొప్పగా చెబుతారు, ఎత్తేసిన సంగతి ఒక్క వాక్యంలో దాటేస్తారు" అన్నాడు. ఆ తెల్లగులాబికి ఏ ఆదివాసీ జాతి పేరు పెట్టుకున్నారో ఆ జాతిని ఆ నేల మీంచి తరిమేశారని కూడా అతనే చెప్పాడు.

"ఇది నేను మైకులో చెప్పొచ్చా?" అని అడిగాను.

"నిజమే కదా. చెప్పాలనిపిస్తే చెప్పు" అన్నాడు.

గుంటూరు వెళ్ళాక కార్యదర్శిని అడిగితే, "రీలు ఏం చెబితే అది చెప్పండి" అన్నాడు. సరేనని ఊరుకున్నాను.

ఆ ఏడు పత్తితీతల కాలంలో చిలకలూరిపేట దాటాక ఒక నల్లరేగడి ఊరికి వెళ్ళాం. అది మా మేనత్తను ఇచ్చిన ఊరు. మా నాన్నకు చెల్లెలు. మొగుడు పోయాక పత్తి తీసి, మిరపకాయలు కోసి, ఇద్దరు పిల్లల్ని పెంచుకుంటోంది. ఆ ఊళ్ళో అప్పుడొక తగాదా నడుస్తోంది. నల్లనేలలో నీళ్ళు ఉప్పగా ఉంటాయి, మంచినీళ్ళు పడే చోటు ఒక్కటే దొరికింది. ప్రభుత్వం బావి తవ్విస్తానంది. సర్కారు సొమ్ముతో తవ్వే బావి అన్ని కులాలదీ అని బ్లాకు ఆఫీసరు చెప్పి వెళ్ళాడు. పల్లెవాళ్ళు ఆశ పెట్టుకున్నారు. ఊరి పెద్దలు పని మొదలుపెట్టనివ్వకుండా నాన్చుతున్నారు.

మధ్యాహ్నం పంచాయతీ ప్రెసిడెంటు ఇంట్లో మాకు భోజనం. విస్తళ్ళు వేశారు, ఇత్తడి గ్లాసులతో మజ్జిగ ఇచ్చారు. ప్రెసిడెంటు మంచి మాటకారి. "ఏ ఊరు బాబూ మీది?" అన్నాడు.

"గుంటూరండి."

"మీ తెలుగు బాగుందని పక్కూరోళ్ళు చెప్పారు. మా ఊళ్ళో పత్తి రైతులు ఎక్కువ. ఆ పత్తి బొమ్మ వెయ్యండి."

పొద్దుగూకగానే వీధికి అడ్డంగా తెర కట్టాం. ఊరివాళ్ళు తెర ముందు కూర్చున్నారు. పల్లెవాళ్ళను తెర వెనక కూర్చోబెట్టారు. అన్ని ఊళ్ళల్లో అదే ఏర్పాటు. వెనకనుంచి కూడా బొమ్మ కనబడుతుంది గానీ కుడి ఎడమలు తారుమారవుతాయి. నేను మైకు పట్టుకుని తెర పక్కనే నిలబడతాను కాబట్టి నాకు రెండువైపులా కనిపిస్తారు.

జార్జియా రీలు మొదలైంది. పత్తిచేలు వచ్చాయి. నల్ల ఆడవాళ్ళు భుజాలకు పొడుగాటి సంచులు తగిలించుకుని, నడుం వంచి పత్తి తీస్తున్నారు. తెర వెనకనుంచి ఒక గొంతు గట్టిగా లేచింది.

"ఒరేయ్ అబ్బాయ్! ఆ పత్తి తీసేవోళ్ళెవర్రా? అచ్చం మనోళ్ళల్లే ఉన్నారు!"

అత్త. నా గొంతు గుర్తుపట్టింది. ఎన్నాళ్ళకో మేనల్లుడి మాట విన్న సంబరంలో ఎక్కడున్నదీ మరిచిపోయింది. ముందువైపు తలలన్నీ నావైపు తిరిగాయి. ప్రెసిడెంటు కుర్చీలో ముందుకు వంగాడు.

"అదెవరు? నిన్ను ఒరేయ్ అంటందేంది?"

మైకు నా చేతిలోనే ఉంది. "మా మేనత్తండి" అన్నాను. ఆ మాట వీధంతా వినిపించింది.

రీలు నడుస్తూనే ఉంది. స్టేషను వచ్చి వెళ్ళిపోయింది. నేను సాయిబు దగ్గరికి వెళ్ళి, "బాబాయ్, స్టేషను మళ్ళీ చూపించు" అన్నాను.

"ఉద్యోగం పోద్దయ్యా" అన్నాడాయన మెల్లగా.

"పోనీ."

ఆయన నా ముఖం చూసి, ఇంకేమీ అనకుండా రీలు వెనక్కి చుట్టాడు. తలుపు కనబడగానే వేలు పెట్టి చూపించి చెప్పాను. ఆ బోర్డు మీద ఏమి రాసిందో, కుళాయిలు ఎందుకు రెండో, పత్తి తీసేవాళ్ళ తాతలను ఓడల్లో కట్టి తెచ్చి ఎలా అమ్మారో, ఆ గొప్ప యంత్రం వచ్చాక పత్తి పెరిగిన కొద్దీ వాళ్ళ మెడ మీద కాడి ఎలా బిగిసిందో, నాకు తెలిసిందంతా చెప్పాను. "అంత గొప్ప రాష్ట్రానికి ఇది సిగ్గుచేటు. అక్కడ చదువుకున్న కుర్రవాడే నాతో తలవంచుకుని చెప్పాడు" అన్నాను. ఊరివాళ్ళకు సూటిగా తగలాలనే చెప్పాను. తగులుతుందనే అనుకున్నాను.

ప్రెసిడెంటు లేచి వచ్చాడు. కొడతాడనుకున్నాను. నా చేతిని తాకకుండా మైకు స్టాండు మీద పెట్టమని సైగ చేశాడు. పెట్టాక, కండువాతో దాన్ని పట్టుకుని నవ్వుతూ మాట్లాడాడు.

"విన్నారుగా అందరూ! ఇతను మనోడు కాడు, ఆ పల్లె మనిషే చెప్పాడు. నేను చెప్తే కల్పించి చెప్పాననేవోళ్ళు. మన పొగాకు విత్తనం అమెరికాది, పత్తి మిషను అమెరికాది. అంత తెలివైనోళ్ళు తాగేనీళ్ళ కాడ రెండు కుళాయిలు పెట్టుకున్నారంట. మనం రెండు బావులు ఉండాలంటే అది తప్పంట! ఏం, బ్లాకు ఆఫీసరు అమెరికావోళ్ళకన్నా గొప్పోడా?"

ముందువైపు నుంచి నవ్వులు, చప్పట్లు. నేను తెర వెనకవైపు చూడలేకపోయాను.

సామాన్లు సర్దుకుని వ్యాను ప్రెసిడెంటు ఇంటి ముందు నుంచి పోనిచ్చాం. వాకిట్లో పాలేరు నిప్పులు రాజేసి, మధ్యాహ్నం నేను మజ్జిగ తాగిన గ్లాసు మైల పోవాలని కాలుస్తున్నాడు. రెండు గ్లాసులున్నాయి. ఏది నాదో తెలియక సాయిబుదీ కలిపి నిప్పుల్లో వేసినట్టున్నారు. సాయిబు చూశాడు. చిలకలూరిపేట వచ్చాక టీ కొట్టు ముందు బండి ఆపి, "తిను. పొద్దుగూకినప్పట్నుంచీ అరిచి ఉన్నావు" అని బన్ను చేతిలో పెట్టాడు.

వారం తిరక్కుండా కార్యదర్శి పిలిపించాడు. ఆయన గదిలో జార్జియా కుర్రవాడు కూడా కూర్చుని ఉన్నాడు.

"మీ మీద ఫిర్యాదులు రెండు" అన్నాడు కార్యదర్శి. "కులం దాచి ఇంట్లోకి వచ్చి తిన్నారని ఊరివాళ్ళది. అతిథి దేశం పరువు తీశారని మన సభ్యులది."

"నేను అబద్ధం చెప్పలేదండి. ఈయన చెప్పిందే చెప్పాను" అన్నాను కుర్రవాడిని చూపించి.

కుర్రవాడు నేలచూపులు చూశాడు. తను మామూలుగా ఏదో మాట్లాడి ఉంటానని, ఆట మధ్యలో చెప్పమని మాత్రం అనలేదని ఇంగ్లీషులో గొణిగాడు. కృష్ణ ఒడ్డున కూర్చున్నవాడూ ఇతనూ ఒక్కడేనా అనిపించింది.

"మరి గుంటూరు అని చెప్పమన్నది మీరే గదండి" అన్నాను కార్యదర్శితో. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని, "మంచికే చెప్పాను" అన్నాడు. అంతటితో అయిపోయింది. నా స్థానంలో ఒక నాటకాల నటుణ్ణి పెట్టుకున్నారు. జార్జియా రీలు ఆపలేదు. ఆ స్టేషను ముక్క మాత్రం కత్తిరించి అతికించారని సాయిబు తర్వాత చెప్పాడు.

బావి ఆ దొరికిన ఒక్క చోటే, ఊరివాళ్ళ కోసమే తవ్వారు. మంచినీళ్ళు పడ్డాయి. ఆ పైఏడు పల్లెకు వేరే బావి తవ్వించి ప్రెసిడెంటు కొబ్బరికాయ కొట్టాడు. అందులో ఉప్పునీళ్ళు పడ్డాయి. పశువులు కూడా మూతి పెట్టి తీసేసేవి. సర్కారు కాగితాల్లో మాత్రం ఇద్దరికీ చెరో బావి.

అత్తను ఆ ఏడు పత్తితీతకు ఎవరూ పిలవలేదు. పొద్దున్నే లేచి పక్కూళ్ళకు నడిచి వెళ్ళేది. నేను చూడ్డానికి వెళ్ళి, "నా వల్లే అత్తా" అంటే కసురుకుంది.

"నీ వల్ల కాదు, నా వల్ల కాదు. నువ్వు చెప్పకపోయినా బావి వాళ్ళకే తవ్వుకునేవోళ్ళు. కాకపోతే ఎక్కడో ఏ మూలో కాస్త సిగ్గు ఉండేదేమో. ఇప్పుడు అమెరికావోళ్ళు కూడా ఇంతేనంటా ఉన్నారు, అంత దర్జాగా."

నాకు చీరాల దగ్గర ఒక మిషన్ బళ్ళో పని దొరికింది. భూగోళం చెప్పేవాణ్ణి. జార్జియా పాఠం రాగానే, పత్తి పండును అని పుస్తకంలో ఉన్నది చదివించి, ఎవరు పండించారో నోటితో చెప్పేవాణ్ణి. పిల్లలు వినేవారు. పరీక్షలో అది అడగరు కాబట్టి మరిచిపోయేవారు.

అరవైల నడిమిలో ఒకనాడు పత్రికలో చూశాను. అమెరికాలో అటువంటి బోర్డులన్నీ తీసెయ్యాలని చట్టం వచ్చింది. జార్జియా పేరు కూడా ఆ వార్తలో ఉంది. అక్కడి నల్లవాళ్ళు ఏళ్ళ తరబడి దెబ్బలు తిని, జైళ్ళకు వెళ్ళి సాధించుకున్నారు. నాకు ఆ పూట కాళ్ళు నిలవలేదు. ఆదివారం బస్సెక్కి అత్త ఊరు వెళ్ళాను.

ఊళ్ళోకి దిగగానే ప్రెసిడెంటు అరుగు మీద కనిపించాడు. జుట్టు నెరిసింది, పదవి అలాగే ఉంది. అరుగు కింద నిలబడి చెప్పాను.

"అమెరికాలో తీసేశారండి. రెండు కుళాయిలు లేవిప్పుడు. చట్టం చేశారు."

ఆయన నన్ను పోల్చుకోవడానికి కాసేపు పట్టింది. పోల్చుకున్నాక చుట్ట నోట్లోంచి తీసి, ఏమాత్రం తడుముకోకుండా అన్నాడు:

"ఆళ్ళ సంగతి మనకెందుకయ్యా? ఆళ్ళ దేశం ఆళ్ళది, మన ఆచారం మనది."

పక్కన కూర్చున్నవాళ్ళు నిజమేనన్నట్టు తలలూపారు. వాళ్ళల్లో ఆనాడు చప్పట్లు కొట్టినవాళ్ళు ఎంతమందో నాకు తెలియదు. చట్టం చెప్పాను, చరిత్ర చెప్పాను, వేరే దేశాన్ని సాక్ష్యం తెచ్చాను. దేన్ని ఎప్పుడు ఎత్తుకోవాలో, దేన్ని ఎప్పుడు పక్కన పెట్టాలో వాళ్ళకు తెలుసు.

అత్త ఇంట్లో లేదు. బిందె పట్టుకుని ఊరి బావి దగ్గరికి వెళ్ళిందని పక్కింటామె చెప్పింది. వెళ్ళి చూశాను. గట్టుకు ఎడంగా ఎండలో నిలబడి, ఎవరన్నా తోడి పోస్తారేమోనని చూస్తోంది. నేను దగ్గరికి వెళ్ళి వార్త చెప్పాను.

"అట్టాగా. మంచిది" అంది. కొంగుతో ముఖం తుడుచుకుని, "ఆ పత్తి తీసేవోళ్ళు ఏం చేస్తే ఇచ్చారంట?" అని అడిగింది.

చెప్పడం మొదలుపెట్టాను. ఒక అమ్మాయి చేద తీసుకుని గట్టు మీదికి రావడం చూసి అత్త నన్ను ఆగమని చెయ్యి చూపించి, "అమ్మా, ఒక్క బిందె పొయ్యి తల్లీ" అంటూ ముందుకు వెళ్ళింది.